వీథియు బస్సును : నగర దైనందిన దర్శనమును గూర్చి

కావ్యమునందు వర్ణింపదగిన పదునెనిమిదింటిని లెక్కించునపుడు ఆలంకారికులు నగరమును మొదట చెప్పిరి. ఆ పట్టికను తెలుగువారికి చేరువ చేసిన ప్రతాపరుద్రీయము ఓరుగల్లున వెలసిన గ్రంథము. తత్కర్త విద్యానాథుడు కాకతి ప్రతాపరుద్రుని ఆశ్రయించిన పండితుడు. వింత యేమనగా, ఆ ఓరుగల్లే రంగముగా, ఆ ప్రభువు కాలమే కథాకాలముగా గల క్రీడాభిరామము నగరమును చూచు తీరు ఆ లక్షణమునకు లోబడినది కాదు. అందు ప్రాకారములు మేఘములను తాకుటయు, పరిఖలు పాతాళమును ముట్టుటయు ప్రధానములు కావు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిరువురు ఒక దినము వీథులవెంట తిరుగుదురు. కంటబడినదానిని గూర్చి మాటలాడుకొందురు. కోడిపందెము, పొట్టేళ్ళ పోరు, పాములవాని ఆట, పలనాటి వీరుల కథాగానము, ఏకవీర గుడి, మాచలదేవి చిత్రశాల - ఇవి యన్నియు ఒకదానివెంట నొకటి వచ్చును. అవి వచ్చు క్రమమునకు అలంకారశాస్త్రము కారణము కాదు, నడక కారణము. ఏ వీథిలో మలుపు తిరిగిన ఏది కనబడునో అది కనబడినది.

ఈ కృతి కర్తృత్వమును గూర్చిన వివాదము, అది శ్రీనాథునిదా వినుకొండ వల్లభరాయనిదా అను ప్రశ్న, ఇచట మాకు అప్రస్తుతము. మాకు కావలసినది దాని జాతి. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు తెనుగైన యీ రచన దశరూపకములలో 'వీథి' యను భేదమునకు చెందినది. వీథి ఏకాంకము, పాత్రలు ఒకరో ఇద్దరో. ఈ కొద్దిపాటి సాధనముతో ఒక మహానగరమును పట్టుకొనుట ఎట్లు సాధ్యమైనది? దీనిని విచారింపవలెనని మాకు తోచినది గ్రంథాలయమున కాదు, హైదరాబాదు కోఠీయందలి ఒక బస్ స్టాపువద్ద. ఆ సంగతి ముందు చెప్పుదుము. దానికి ముందుగా వీథిని చూచు చూపును గూర్చి కొంత తేల్చుకొనవలసి యున్నది.

ప్రబంధములందలి పురవర్ణనము నగరమును దూరమునుండి చూచును. మనుచరిత్రమున అరుణాస్పదపురము మనకు మొత్తముగా దర్శనమిచ్చును. అందు నివసించు చతుర్వర్ణములవారు తమతమ గుణములతో వరుసగా వచ్చి నిలిచెదరు. ఆ వరుసయందు నిజముగా వీథిలో నిలిచి సరకు అమ్మునది పుష్పలావిక యొక్కతెయే. ఆమెకును విటునకును జరుగు సంభాషణ ప్రబంధకవులకు ప్రియమైన ఘట్టము. కాని అందు రసికుల చెవి ఎల్లప్పుడు శ్లేషమీదనే గాని ధరమీద లేదు. సుల్తాను బజారున పూలమ్మెడి స్త్రీ మూరకింత అని చెప్పును. ఆ మూర ఆమె మోచేతినుండి వ్రేలికొనవరకు గల కొలత గనుక, పొట్టిచేతుల అమ్మవద్ద పూలు ప్రియము, పొడుగుచేతుల అమ్మవద్ద చవుక. బేరమాడువారు ధరతోపాటు చేతిని గూడ చూచెదరు. ఈ పాటి సంగతి మన ప్రబంధములలో మాకు తటస్థపడలేదు. ప్రబంధకవి చూడలేదని కాదు. చూచినదానిని వ్రాయదగినదిగా ఎంచలేదు.

క్రీడాభిరామమున ధర కలదు. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూకకు లభించు భోజనమును కవి పేర్కొని, ఆ రూకకు ఏమేమి వచ్చునో వరుసగా చెప్పును: అన్నము, గోధుమపిండివంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజులు, పెరుగు. దానిని చదివిన వానికి ఆకలి కలుగును. చరిత్రకారునకు మఱియొకటియు లభించును. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రయందు కాకతీయ, రెడ్డిరాజుల కాలపు జనజీవనమును గూర్చి చెప్పుటకు ఈ చిన్న రచననే పలుమార్లు ఆశ్రయించిరి. శాసనములు దానము చేసిన భూమి సరిహద్దులను చెప్పినవి. రాజుల బిరుదములను చెప్పినవి. మధ్యాహ్నమున పరదేశి ఎచట భుజించునో చెప్పలేదు. తెలుగునకు వచ్చిన మొదటి సాహిత్య అకాడమీ పురస్కారమును (1955) పొందిన ఒక గ్రంథమునకు, పని లేక వీథులవెంట తిరిగిన ఇరువురి మాటలు ఆధారమైనవనుట సామాన్యవిషయము కాదు.

పూటకూటి ఇల్లు తెలుగు రచనలో మరల గట్టిగా కనబడుట కన్యాశుల్కమునందు. గురజాడ తన నాటకమును విజయనగరపు బొంకులదిబ్బమీద, అనగా వీథిలోనే, ఆరంభించెను. గిరీశము అచట నిలిచి తన కష్టములను ఏకరువు పెట్టుకొనును. ఆ కష్టములలో పూటకూళ్ళమ్మను మోసగించి తెచ్చిన సొమ్ము ముఖ్యమైనది. క్రీడాభిరామమున పూటకూటి ఇంటి పదార్థములు గలవు గాని, వండి వడ్డించువారి నోట మాట లేదు. కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మయే వచ్చి, చీపురుకట్టతో తన బాకీని తాను అడుగును. వీథీదర్శనము తెలుగున ముందునకు సాగినదనుటకు మేమీ యొక్క దృష్టాంతమునే చూపుదుము. చూడబడినవారు నోరు తెఱచిరి.

కాని ఈ వికాసము అవిచ్ఛిన్నముగా సాగలేదు. పానుగంటివారి సాక్షి వ్యాసములను చూడుడు. అడిసను, స్టీలుల స్పెక్టేటరు పత్రిక ననుసరించి పుట్టిన ఈ వ్యాసములకు 'సాక్షి' అను పేరే చూచువాని పేరు. అందలి జంఘాలశాస్త్రి నామమునకు వేగముగ నడచువాడని అర్థము. ఐనను ఆయన నడచినదానికంటె నిలిచి ఉపన్యసించినది ఎన్నియో మడుగులు ఎక్కువ. ఆ వాగ్ధార అసాధారణము. దానిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కాని సాక్షి క్రమముగా న్యాయాధిపతి యయ్యెను. జనసమ్మర్దమును చూచి తీర్పు చెప్పువాడు ఆ సమ్మర్దమున తానొకడు కాడు. తరువాతి పత్రికలలో నగరజీవనమును గూర్చి వెలువడిన హాస్యవ్యాసములలో పెక్కింటికి ఈ జాడ్యమే సంక్రమించినది. బస్సెక్కిన రచయిత తనకు తప్ప తక్కినవారికందఱకు నాగరకత లేదని కనుగొనును. కాలు త్రొక్కినవాడు మూర్ఖుడు; త్రొక్కబడిన కాలు మాత్రము రచయితది.

శ్రీశ్రీ 'భిక్షువర్షీయసి'యందు దీనికి భిన్నమైన చూపు కలదు. దారిప్రక్క చెట్టుక్రింద ముసలిది కూర్చున్నది. కవి ఆమెను తీర్పు లేక చూచెను. తెలుగు కవితయందు వీథికి లభించిన గౌరవములలో ఇది మిక్కిలి గొప్పది. ఐనను ఒక విషయమును విద్యార్థులు గమనింపవలెనని మా కోరిక. ఆ కవితలో పాపమెవ్వరిదని ప్రశ్నించునది గాలి. బదులు పలుకనిది కుక్క. ఎంగిలాకునకు సైతము ఒక మాట కలదు. ఆ దారిని మనుష్యుడొక్కడును పోవుట లేదు. ఇది లోపము కాదు, కవి బుద్ధిపూర్వకముగా చేసిన శూన్యము. ఆ శూన్యమే ఆ కవితకు బలము. కాని తరువాతివారు ఆ శూన్యమును వీథి సహజస్వభావముగా భ్రమించిరి. నగరమనగా ఒకరినొకరు పలుకరింపని జనము అను సూత్రము పుట్టినది. పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' (1939) మదరాసును చూచి ఉల్లాసపడినది. కుందుర్తి నగరమును వచనకవితకు తగిన వస్తువుగా చేపట్టెను. ఆ ఉల్లాసము, ఆ పూనిక తగ్గి, నగరము అనగానే ఏకాంతము, యాంత్రికత అను రెండు మాటలు మాత్రము మిగిలిన కవితలు మనకు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి.

ఈ సూత్రము సత్యమో కాదో తేల్చుటకు కోఠీ బస్ స్టాపు తగిన స్థలము. కోఠీ అనగా భవనము. బ్రిటిషు రెసిడెంటు నివసించిన మేడవలన ఆ పేరు ఆ పేటకు నిలిచినది. ఆ మేడయందు తరువాత మహిళా కళాశాల నడచినది; 2022లో అది విశ్వవిద్యాలయమైనది; 2024లో చాకలి ఐలమ్మ పేరును దాల్చినది. అచట దిగువారి నోట మాత్రము ఇంకను 'ఉమెన్స్ కాలేజీ' యనియే వినబడుచున్నది. కొంత దూరమున సుల్తాను బజారునందు, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము కలదు. పాత పాఠ్యపుస్తకములమ్ము దుకాణములు, వైద్యపరికరముల దుకాణములు, గుజరాతీ గల్లీ ఇరుకు, వీనిపై 2020 ఫిబ్రవరినుండి నడచుచున్న మెట్రోరైలు వంతెన నీడ - ఇది ఆ పేట. అచట ఒక గంట నిలిచినవానికి తెలుగు, దక్కనీ ఉర్దూ, మరాఠీ, గుజరాతీ, హిందీ చెవిని పడును.

ఈ నగరమున బస్సు క్రొత్తది కాదు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వే విభాగముగా 27 బండ్లతోను, 166 మంది ఉద్యోగులతోను ఆరంభమైన సంస్థయే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమునకు వేఱుగా సంస్థ ఏర్పడినది. కార్యాలయ చరిత్ర ఇంతమాత్రము చాలును. మాకు కావలసినది బండిలోపలి చరిత్ర. అది ఎచటను వ్రాయబడలేదు.

నగరపు బస్సులో ముందుభాగము స్త్రీలది, వెనుకభాగము పురుషులది. రద్దీవేళ కండక్టరు ఒకచోటనుండి కదలలేడు. అప్పుడు వెనుక తలుపువద్ద వ్రేలాడువాడు తన డబ్బును ముందున్నవాని చేతికిచ్చి ఊరిపేరు చెప్పును. ఆ డబ్బు నాలుగైదు చేతులు మారి కండక్టరును చేరును. టికెట్టును, మిగిలిన చిల్లరయు అదే దారిని తిరిగి వచ్చును. డబ్బు చేతులు మారుచుండగా ఊరిపేరు గూడ నోళ్ళు మారును. ఒక్కొక్కప్పుడు 'దిల్‌సుఖ్‌నగర్ ఒకటి' అని బయలుదేరినది 'దిల్‌సుఖ్‌నగర్ రెండు' అయి చేరును, అప్పుడు బస్సంతయు నవ్వును. ఆ చిల్లర నడుమ ఎవరి జేబులోనో నిలిచిపోయినదను ఫిర్యాదును మేమెన్నడును వినలేదు. పలుకరింపు లేని సమూహమున ఇది ఎట్లు జరుగును? కండక్టరువద్ద చిల్లర లేనిచో టికెట్టు వెనుక తానీయవలసిన మొత్తమును కలముతో వ్రాసి యిచ్చును. సంతకము లేదు, సాక్షి లేడు. ఐనను అది చెల్లును. దిగబోవువాడు దానిని చూపిన చిల్లర వచ్చును. ఋణపత్రములలో ఇంతకంటె సంక్షిప్తమైన రచనను మేమెఱుగము.

బస్సునందలి సంబోధనలు ప్రత్యేకముగ పరిశీలింపదగినవి. ఎఱుగనివారే ఒకరికొకరు అన్నా, అక్కా, పెద్దమ్మా, తాతా, భయ్యా, చాచా. కండక్టరు స్త్రీ యైనచో వయసునుబట్టి అక్కా యనియో, చదువుకొన్నవారిచే మేడం అనియో పిలువబడును. వరుస ఎన్నుకొనుటకు క్షణకాలము పట్టదు. అందు వయసు, భాష, వేషము అన్నియు లెక్కకు వచ్చును. 'జర లోపలికి జరుగుండ్రి' అని చెప్పిన కండక్టరే మరుక్షణము 'ఆగే బఢో భాయ్' అనును. ఎవరిని చూచి భాష మార్చెనో మనము చూచి తెలిసికొనవలెను. కలహము వచ్చునపుడు మొదట జారిపోవునది వరుస. 'ఏమన్నా' అని మొదలైనది 'ఏందయ్యా' యగును. అది 'ఏందిరా' యగులోపల ఎవరో ఒక పెద్దమ్మ 'పోనియ్యి బిడ్డా' అనును. ఆ ఒక్క పిలుపుతో తెగిన వరుస మరల అతుకుకొనును. అతుకుకొననిచో బస్సు ఆగును. భాషాశాస్త్రము అభ్యసించువారు మర్యాదార్థక క్రియారూపములను వ్యాకరణ పట్టికలలో నేర్చుకొనుచున్నారు; అవి పడిపోవు క్రమమును, లేచు క్రమమును ఇచట వినవచ్చును.

ఐతే, క్రీడాభిరామమును మేము ఇంతగా ప్రశంసించుటవలన దాని దోషమును దాచరాదు. అందు తిరుగువారిరువురును పురుషులు, తీరిక గలవారు. వీథిలోని స్త్రీలు వారికి చూడదగినవారు గాని చూచువారు కారు. వర్తకుని భార్య ఓరుగల్లు వీథిని ఎట్లు చూచెనో, కథాగానము చేసిన స్త్రీ తనను చూచు ఈ ఇరువురిని గూర్చి ఏమనుకొనెనో మనకు తెలియదు. ఆ నష్టము ఇక పూరింపబడదు. నేటి మాట వేఱు. తెలంగాణమున 2023 డిసెంబరు 9నుండి మహాలక్ష్మి పథకముచేతను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15నుండి స్త్రీశక్తి పథకముచేతను స్త్రీలకు సాధారణమైన బస్సులలో ప్రయాణము ఉచితమైనది. దీని ఆర్థిక ఫలితములను గూర్చి వాదించువారు చాలమంది గలరు. మేము వారిలో చేరము. కోఠీలో కనబడుచున్నది ఒక క్రొత్త చూపరి. పని ముగించుకొని, తొందర లేక, కిటికీ ప్రక్క కూర్చుండి వీథిని చూచుచు పోవు స్త్రీ. అవసరము లేని ప్రయాణము పూర్వము ఆమెకు దుబారా, ఇప్పుడు కాదు. మంచనశర్మకు ఓరుగల్లున నుండిన తీరికవంటిది, అర్ధగంట యైనను, ఆమెకు లభించినది. ఆమె ఏమి చూచుచున్నదో వ్రాసినవారు ఇంకను మాకు కనబడలేదు.

అదే సమయమున మఱియొకటి పోవుచున్నది. గుర్తింపుపత్రము చూపి 'జీరో టికెట్టు' తీసికొను స్త్రీ డబ్బును చేతులమీదుగా పంపవలసిన పని లేదు. పురుషులలో పాసులు గలవారికిని అంతే. చేతినుండి చేతికి సాగిన ఆ గొలుసు, టికెట్టు వెనుక చిల్లర వ్రాత, ఊరిపేరు నోళ్ళు మారుట - ఇవి మా కన్నులయెదుట అరుదగుచున్నవి. వీనికై విలపించుట మాకు ఇష్టము లేదు. చిల్లరకై జరిగిన కలహములును వీనితోనే పోవుచున్నవి గదా. కాని పోవుచున్నదానిని పోవుచున్నట్లుగా వ్రాసి యుంచుట ఎవరి పని?

ఇచట మేము మా తప్పునే చెప్పవలసి యున్నది. చాల యేండ్ల క్రిందట ఒక విద్యార్థి బస్సు కండక్టర్ల భాషను గూర్చి పరిశోధింపగోరి మావద్దకు వచ్చెను. అతని తండ్రి ఆ పనిలోనే యుండినవాడు. అప్పటికి రంగురంగుల టికెట్టు కట్టలు, వానికి చిల్లిపొడుచు పంచి వాడుకలో నుండెను, యంత్రములు రాలేదు. ఆధారగ్రంథము లేమున్నవని మేము ప్రశ్నించితిమి. లేవని అతడు చెప్పెను. లేనిచో పరిశోధన యెట్లని చెప్పి, ప్రబంధములలో పురవర్ణనమను విషయమును ఇచ్చి పంపితిమి. అతడు దానిని శ్రద్ధతో ముగించెను, పట్టమును పొందెను. ఆ సిద్ధాంతగ్రంథము మా అలమరలో ఇప్పటికిని ఉన్నది. అందు చెప్పబడినదంతయు అంతకుముందు చెప్పబడినదే. అతడు ప్రతిదినము రెండు గంటలు బస్సులో ప్రయాణము చేసి వచ్చి ఆ గ్రంథమును వ్రాసెను. అతని తండ్రి నోట నుండిన మాటలలో ఒక్కటియు ఆ అలమరలో లేదు.

ఈ నడుమ మేము కొన్ని మాటలను మాకు మేముగా వ్రాసికొన మొదలిడితిమి. అన్నియు అర్థమైనవి కావు. ఉదాహరణమునకు 'స్టేజీ'. బస్సుచార్జీని లెక్కకట్టుటకై దారిని విభజించిన భాగమునకు సంస్థవారి వాడుకలో ఆ పేరు. తెలంగాణపు పల్లెదారులలో అది స్థలవాచకమైనది. ఊరు లోపల దూరమున నుండును, రహదారిపై బస్సు ఆగు తావు ఆ ఊరి స్టేజీ. 'స్టేజీ కాడ దిగిన' అనువానికి చార్జీ లెక్కతో పని లేదు. తరువాత అచట ఒక చాయ్ హోటలు, ఒక పంచరు దుకాణము, నాలుగు ఇండ్లు వెలసి, ఆ స్టేజీయే ఒక చిన్న ఊరగును. కోఠీలో మాత్రము ఈ మాట ఆ అర్థమున వినబడదు. అచట స్టాపు అందురు. పల్లెనుండి క్రొత్తగా వచ్చిన ఒక వృద్ధుడు మొన్న కండక్టరును 'ఉమెన్స్ కాలేజీ స్టేజీ వచ్చిందా బిడ్డా' అని యడిగెను. కండక్టరు అతనిని ఒకసారి చూచి, 'ఇంకో స్టేజీ ఉన్నది తాతా, కూసో' అనెను. ఆ కండక్టరు అంతకుముందు స్టాపు అనుచుండగా మేము విన్నవారమే.